మీ రోల్‌ప్లేయింగ్ క్యారెక్టర్‌కి ఏం కావాలి? కోరికను కాగితం మీద నుంచి ఆటలోకి తెచ్చే పద్ధతి

టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలో, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ నింపడానికి కూర్చోగానే ముందు వచ్చే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. ఏ క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తి), ఏ జాతి, బలం ఎంత, చేతిలో ఏ ఆయుధం. ఇవన్నీ మన పాత్ర ఏం చేయగలదో చెప్తాయి. ఏం చేయాలనుకుంటుందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. అందుకే రెండో సెషన్‌లోనో మూడో సెషన్‌లోనో ఆటను నడిపే గేమ్ మాస్టర్ (జీఎం) "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడగ్గానే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి జీఎం జాలిపడి ఎవరో దూతను పంపి ఒక పని అప్పగిస్తాడు. అలా ప్రతివారం ఎవరో అప్పగించిన పనే చేస్తూ పోతే క్యాంపెయిన్, అంటే సెషన్ల తరబడి సాగే ఆ కథ, మెల్లగా నీరసపడిపోతుంది.

మొదట్లో ఈ ప్రశ్నకు నియమాలే జవాబు చెప్పేవి. 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ వచ్చినప్పుడు, పాత్ర ఎదగడానికి కావాల్సిన అనుభవ పాయింట్లు రెండు దారుల్లో వచ్చేవి: రాక్షసులను చంపితే, నిధిని బయటికి తెస్తే. అంటే బంగారం తెచ్చుకోవడమే అందరి లక్ష్యం. ఆ పద్ధతిలో తప్పేం లేదు, ఇప్పటికీ సరదాగానే ఉంటుంది. కానీ మీ పాత్ర పక్కవాళ్ళ పాత్రలా కాకుండా తనదైన మనిషిలా నడవాలంటే బంగారం చాలదు. సొంత కోరిక ఒకటి ఉండాలి, అది ఆటలో కదలాలి. ఎలాగో ఒక్కో అడుగుగా చూద్దాం.

మొదటి అడుగు: కోరిక వేరు, కారణం వేరు

ఒక కాగితం తీసుకుని రెండు లైన్లు రాయండి. పై లైన్లో మీ పాత్రకు ఏం కావాలి. కింది లైన్లో అది ఎందుకు కావాలి. చాలామంది ఈ రెండూ కలిపేసి "కుటుంబం మీద ప్రేమ ఎక్కువ" అని రాసి ఊరుకుంటారు. అందులో కోరికా లేదు, కారణమూ లేదు.

సరిహద్దు కోటలో కాపలా వదిలేసి వచ్చిన ఒక సైనికుడిని తీసుకుందాం. "తప్పిపోయిన అన్నను వెతకాలి" అన్నది అతని కోరిక. ఎందుకు వెతకాలి? అన్న యుద్ధానికి బయల్దేరిన రోజు అతనితో గొడవపడి మాట్లాడకుండా పంపేశాడు, ఇప్పుడు క్షమాపణ అడగాలి. ఇది ఒక కారణం. తండ్రి ఆస్తి తన పేరు మీదికి రావాలంటే అన్న చనిపోయినట్టు రుజువు కావాలి. ఇది ఇంకొకటి. కోటలో దొంగతనం చేసి ఆ నేరం తమ్ముడి మీదికి నెట్టి పారిపోయింది ఆ అన్నే, లెక్క తేల్చుకోవాలి. ఇది మూడోది. కోరిక ఒకటే, మనుషులు ముగ్గురు.

ఇప్పుడు అన్న జాడ తెలిసిన ఒక ముసలివాడు ఎదురుపడి, "చెప్తాను గానీ, ముందు నాకో పని చేసి పెట్టాలి" అన్నాడనుకోండి. మొదటి సైనికుడు పని ఏంటో వినకముందే ఒప్పుకుంటాడు. రెండోవాడు బేరమాడతాడు. మూడోవాడి చెయ్యి కత్తి మీదికి పోతుంది. కారణం తెలిసి ఉంటే ఇలాంటి చోట ఆలోచించుకోవాల్సిన పనే ఉండదు, పాత్రే ముందుకు నడిపిస్తుంది. తెలియకపోతే మాత్రం డైస్ చేతిలో పట్టుకుని నీళ్ళు నములుతూ కూర్చోవాల్సి వస్తుంది.

కారణం రాసేటప్పుడు గుణాలు రాయకండి. నిజాయితీపరుడు, కోపిష్టి, ధైర్యవంతురాలు లాంటి మాటలతో ఏ పనీ పుట్టదు. ఒక రోజు జరిగిన ఒక సంఘటన రాయండి. ఎవరు ఏమన్నారు, తను ఏం చేయలేకపోయాడు, ఆ రోజు నుంచి ఏది మర్చిపోలేకపోతున్నాడు. మూడు వాక్యాలు చాలు.

రెండో అడుగు: ఆ కోరిక ఆటలో నడుస్తుందా?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. వినడానికి గొప్పగా ఉండే కోరికల్లో సగం టేబుల్ మీద పనికిరావు. రాసిన లైన్ చదువుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. వచ్చే సెషన్‌లో దీనికోసం కనీసం ఒక్క పనైనా చేయగలనా? తీరిన రోజున తీరిందని నాకు తెలుస్తుందా? ఇది జరగకూడదని కోరుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గురువు దగ్గర మంత్రగ్రంథం దొంగిలించి పారిపోయిన ఒక శిష్యురాలు ఉందనుకోండి. "అందరికంటే గొప్ప మాంత్రికురాలు కావాలి" అని ఆమె కోరిక. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. వచ్చే వారం ఏం చేస్తుంది? గొప్పతనం ఎప్పుడు వచ్చినట్టు? ఎవరికి అభ్యంతరం? దాన్నే ఇలా తిరగరాయండి: "ఈ గ్రంథంలో చిరిగిపోయిన మూడు పేజీలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, గురువు మనుషులు నన్ను పట్టుకునేలోపు వాటిని చదవాలి." ఇప్పుడు వెతకాల్సిన వస్తువు ఉంది, గడువు ఉంది, వెంటపడేవాళ్ళు ఉన్నారు. ఏ ఊళ్ళో దిగినా ఆమెకు అడగాల్సిన ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంటుంది. జీఎంకి కూడా ఆ ఊళ్ళో ఏం పెట్టాలో తెలిసిపోతుంది.

పగ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కువగా ఎంచుకునేది అదే. పగ మంచి కారణమే. కానీ పగ తీర్చుకోవాల్సిన శత్రువు సాధారణంగా క్యాంపెయిన్ చివర్లో గానీ కనిపించడు, అప్పటిదాకా ఆ పాత్ర పళ్ళు కొరుకుతూ తిరగడం తప్ప చేసేదేం ఉండదు. దీనికి మందు సులువే. ఆ శత్రువు ఒంటరిగా చేసిన పని కాదు అనుకోండి. తలుపు గడియ తీసిందెవరు? డబ్బు ఇచ్చిందెవరు? చూసి కూడా నోరు మెదపనిదెవరు? ఒక్క పేరుకు బదులు నాలుగు పేర్లున్న జాబితా అవుతుంది. మొదటి పేరు రెండో సెషన్‌లోనే దొరకొచ్చు. పైగా ఆ నాలుగో మనిషి, చూసి ఊరుకున్నవాడు, నిజంగా శిక్షకు తగినవాడేనా అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

ఏదో జరగకూడదు అనే కోరికలు కూడా ఆటను ఆపేస్తాయి. "ఎవరి కంటా పడకూడదు", "మళ్ళీ ఎవరినీ నమ్మకూడదు", "గొడవల్లో తలదూర్చకూడదు" లాంటివి. ఇవి నిజ జీవితంలో తెలివైన నిర్ణయాలే కావచ్చు, ఆటలో మాత్రం పాత్రను గది మూలన కూర్చోబెడతాయి. అప్పులవాళ్ళకు భయపడి దాక్కునే దొంగను "అప్పు పత్రం ఉన్న పెట్టె ఎక్కడుందో కనుక్కుని, ఆ పత్రాన్ని కాల్చేయాలి" అనుకునే దొంగగా మార్చండి. భయం అదే, కానీ ఇప్పుడు అది ముందుకు తోస్తుంది.

2002లో వచ్చిన బర్నింగ్ వీల్ అనే గేమ్ ఈ పద్ధతిని నియమంగానే పెట్టింది. అందులో ప్రతి ప్లేయర్ తన పాత్రకు మూడు నమ్మకాలు రాసుకుంటారు. వాటికోసం పాటుపడితే పాయింట్లు వస్తాయి. అవి ఒకదానితో ఒకటి ఢీకొని పాత్ర నలిగిపోయినా పాయింట్లు వస్తాయి. మీరు ఆడే గేమ్ ఏదైనా, రాసేటప్పుడు ఈ అలవాటు తెచ్చుకోండి: సగం వాక్యంలో పాత్ర ఏం నమ్ముతుందో, మిగతా సగంలో దానికోసం ఇప్పుడు ఏం చేయబోతుందో. "గురువు ఆ పేజీలను కావాలనే చించేశాడు, అందుకే ఆయన పాత శిష్యులందరినీ కలిసి నిజం రాబడతాను." ఈ ఒక్క వాక్యంతో ఒక నెల ఆడొచ్చు.

మూడో అడుగు: పెద్ద కోరికకు మెట్లు కట్టండి

ఇది చిన్న పని. జీవితకాలం పట్టే కోరిక ఒకటి, నాలుగైదు సెషన్లలో తీరేది ఒకటి, ఈ రాత్రికే తీరేది ఒకటి రాసుకోండి. సైనికుడికి: అన్నను కనుక్కోవడం, అన్న చేరిన దళం ఎటు వెళ్ళిందో తెలుసుకోవడం, ఇవాళ సంతలో ఆ దళం ముద్ర ఉన్న డాలు అమ్ముతున్నవాడిని పట్టుకోవడం. ఒకే రోజుతో ముగిసే వన్‌షాట్ అయితే మూడోది ఒక్కటే ఉంచండి. మూడు నాలుగు గంటల్లో తీరని కోరిక అక్కడ బరువే తప్ప ఉపయోగం లేదు.

నాలుగో అడుగు: ఈ కోరికకు మిగతావాళ్ళు ఎందుకు కావాలి?

ఒంటరిగా తిరిగే, ఎవరితోనూ కలవని, అన్నీ తనకే తెలిసిన పాత్ర ఊహలో చాలా అందంగా ఉంటుంది. నలుగురు కూర్చుని ఆడే టేబుల్ దగ్గర మాత్రం అలాంటి పాత్ర మిగతా ముగ్గురినీ ప్రేక్షకులను చేస్తుంది. అందుకే కోరికలోనే ఒక లోటు పెట్టండి. శిష్యురాలికి గ్రంథంలోని పాత లిపి చదవడం రాదు, సైనికుడి కోటలో దాన్ని నేర్పేవారు. దొంగకు పత్రం ఉన్న పెట్టె తాళం తెరవడం వచ్చు గానీ దాని మీదున్న మంత్రకట్టు విప్పడం రాదు. ఇలాంటివి జీఎం ఆలోచించే వరకు ఆగకండి. మొదటి సెషన్‌కి ముందు కలిసి కూర్చునే సెషన్ జీరోలో మీరే పక్కవాళ్ళను అడగండి: "నా పాత్ర చేయలేని ఈ పని నీ పాత్ర చేయగలదా? చేస్తే బదులుగా నీకేం కావాలి?"

డంజియన్ వరల్డ్ (2012) లో దీనికి ముచ్చటైన ఏర్పాటు ఉంది. క్యారెక్టర్ షీట్ మీద ఖాళీలున్న వాక్యాలు ఉంటాయి, వాటిలో పక్క ప్లేయర్ల పాత్రల పేర్లు రాయాలి. సెషన్ చివర్లో ఆ ఇద్దరి మధ్య విషయం ఒక కొలిక్కి వచ్చిందని మీకనిపించి, అవతలి ప్లేయర్ కూడా ఒప్పుకుంటే అనుభవ పాయింటు వస్తుంది, కొత్త వాక్యం రాసుకుంటారు. మీరు ఆడే గేమ్‌లో ఈ నియమం లేకపోయినా షీట్ వెనక ఇలాంటి రెండు వాక్యాలు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"నా పాత్ర అలా చేయదు" అనే మాట గురించి కూడా చెప్పాలి. పార్టీ (పాత్రల బృందం) అంతా ఒక గుహలోకి వెళ్దామంటే ఒకరు ఈ మాట అని మొండికేస్తే ఆ సాయంత్రం అక్కడితో చెడిపోతుంది. ఆ పాత్రను రాసింది మీరే కాబట్టి, వెళ్ళడానికి కారణం వెతికి పెట్టే బాధ్యత కూడా మీదే. "నా పాత్ర ఎందుకు వెళ్ళదు" అని ఆలోచించే బదులు "ఏ కారణం ఉంటే వెళ్తుంది" అని ఆలోచించండి. 1981 నుంచి ఆడుతున్న కాల్ ఆఫ్ థుల్హు లాంటి భయానక గేమ్‌లలో ఇది మరీ ముఖ్యం. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా అక్కడి భయపెట్టే ఇంటి గడప దాకా వచ్చి వెనక్కి పరుగెత్తాలి. మీ పాత్ర లోపలికి వెళ్ళాలంటే ఆ భయం కంటే బలమైనది ఏదో లోపల ఉండి తీరాలి.

ఐదో అడుగు: జీఎం చేతికి ఇవ్వండి

పది పేజీల గతచరిత్ర రాయడం ఆనందమే. అయితే జీఎంకి ఇచ్చేది అర పేజీ దాటకూడదు. అందులో కోరిక, కారణం, ఇంకా మూడు పేర్లు ఉండాలి: ఒక మనిషి, ఒక చోటు, ఒక వస్తువు. జీఎం కథలో వాడుకునేవి ఇవే. అన్న, కోట, దళం ముద్ర ఉన్న డాలు. వీటిలో ఒక్కదాని గురించైనా మీకే జవాబు తెలియకుండా వదిలేయండి. ఆ డాలు సంతకు ఎలా వచ్చిందో మీరు రాయకండి. ఆ ఖాళీలోనే జీఎం కథ కడతారు, అది విప్పుకునే ఆనందం మీకు మిగులుతుంది.

జీఎంలకు ఒక మాట. నేను నడిపిన ఒక క్యాంపెయిన్‌లో ఒక ప్లేయర్ తన పాత్రకు తప్పిపోయిన చెల్లెలు ఉందని రాసి ఇచ్చింది. నాకు ఎంతో నచ్చింది. సరైన సమయంలో, పెద్ద మలుపులో తెద్దామని దాచుకున్నాను. ఏడు సెషన్లు గడిచాయి. ఎనిమిదోదానికి ముందు ఇద్దరికి పనివేళలు మారిపోయి ఆట ఆగిపోయింది. ఆ చెల్లెలు ఎక్కడుందో ఆ ప్లేయర్‌కి ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి నేను ప్రతి పాత్ర కోరికనూ మొదటి రెండు సెషన్లలోనే ఏదో ఒక రూపంలో తాకుతాను. పూర్తిగా తీర్చక్కర్లేదు. ఒక ఉత్తరం, ఒక గుర్తు, ఆ పేరు విని ఉలిక్కిపడిన ఒక మనిషి చాలు. ఒక కాగితం మీద పాత్రల పేర్లు నిలువుగా, సెషన్ నంబర్లు అడ్డంగా రాసుకుని, ఎవరి కోరికను తాకితే వాళ్ళ గడిలో టిక్ పెడుతూ రండి. వరుసగా మూడు గడులు ఖాళీగా ఉన్నవాళ్ళెవరో చూడగానే తెలుస్తుంది. వచ్చే సెషన్ వాళ్ళది.

ప్లేయర్ ప్రేమతో రాసిచ్చిన మనుషులను చంపడం, ఎత్తుకెళ్ళడం తప్ప ఇంకేమీ చేయకపోవడం జీఎంలు చేసే పెద్ద తప్పు. రెండుసార్లు అలా జరిగితే మూడో క్యాంపెయిన్‌కి ఆ ప్లేయర్ అనాథ పాత్రతో వస్తారు, తప్పు వాళ్ళది కాదు. అమ్మ బతికే ఉండనివ్వండి. కొడుకు చేస్తున్న పని తప్పని నిలదీయనివ్వండి, సాయం అడగనివ్వండి, అతను అసహ్యించుకునే మనిషిని పెళ్ళి చేసుకోనివ్వండి. చావు ఒక్కసారి పనికొస్తుంది. బతికున్న మనిషి ప్రతి సెషన్‌లోనూ పనికొస్తుంది.

ఆరో అడుగు: రెండో కోరిక, మొదటిదానికి అడ్డంపడేది

ఒకే కోరిక ఉన్న పాత్ర బాణంలా పోతుంది. ఎటు పోతుందో అందరికీ తెలుసు. రెండు కోరికలుండి, రెండూ ఒకేసారి తీరే వీల్లేకపోతే అప్పుడు ఆ పాత్ర ఏం చేస్తుందో మీకే తెలియదు. నేను ఈ ఆట ఆడేది ఆ క్షణం కోసమే.

శిష్యురాలికి ఆ మూడు పేజీలు కావాలి. అదే సమయంలో గురువు తన గురించి మంచిగా అనుకోవాలన్న ఆశ కూడా చావలేదు. చిన్నప్పుడు ఆమెను చేరదీసింది ఆయనే. ఇక చూడండి. గురువు జబ్బుపడ్డాడని కబురొస్తుంది. వెళ్తే గ్రంథం పోతుంది, వెళ్ళకపోతే ఆయన పోవచ్చు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఇందులో రాక్షసుడు లేడు, యుద్ధం లేదు, అయినా టేబుల్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టి ఆ ప్లేయర్ ఏం చెప్తుందా అని చూస్తారు.

ఇలాంటి జత రాయాలంటే ఒక సులువు ఉంది. మొదటి కోరిక ఒక పనిగా ఉంటే రెండోది ఒక మనిషితో ముడిపెట్టండి. పని వదులుకోవడం తేలిక, మనుషులను వదులుకోవడం కష్టం. ఆ మనిషి మరో ప్లేయర్ పాత్రే అయితే ఇంకా మంచిది.

1985 నాటి పెన్‌డ్రాగన్ గేమ్ ఈ లాగుడును అంకెల్లో పెట్టింది. దయకు ఎదురుగా క్రూరత్వం, ఇలా ఎదురెదురు గుణాలు జతలుగా ఉంటాయి. ఒక్కో జత మొత్తం 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. కుటుంబం మీద ప్రేమ, ప్రభువు మీద విధేయత, ఎవరి మీదైనా ద్వేషం లాంటి ఉద్వేగాలకు కూడా అంకెలుంటాయి. ఫేట్ కోర్ (2013) దారి వేరు: పాత్రకు ఒక చిక్కు రాసుకుంటారు, జీఎం ఆ చిక్కును ఉపయోగించి మిమ్మల్ని ఇబ్బందిలోకి రమ్మని పిలుస్తారు. ఒప్పుకుంటే ఒక ఫేట్ పాయింట్ ఇస్తారు, కాదంటే మీరే ఒకటి ఖర్చు పెట్టాలి. ఇబ్బందిని బహుమతిగా మార్చిన తీరు నాకు చాలా ఇష్టం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 ఎడిషన్‌లో స్వభావం, ఆదర్శం, బంధం, లోపం అని నాలుగు గడులుంటాయి. వాటికి తగ్గట్టు ఆడితే జీఎం ఇన్‌స్పిరేషన్ ఇవ్వొచ్చు. దాన్ని వాడుకుంటే 20 ముఖాల డైస్ రెండు వేసి ఎక్కువ వచ్చినది తీసుకోవచ్చు. ఆ గడులను షీట్ మీద నింపి మర్చిపోయే టేబుళ్ళు చాలానే ఉన్నాయి. మీరు లోపం గడిలో "కోపం ఎక్కువ" అని రాయకుండా, మొదటి కోరికకు అడ్డంపడే రెండో కోరికను రాయండి. అప్పుడది ప్రతి సెషన్‌లోనూ గుర్తొస్తుంది.

ఏడో అడుగు: టేబుల్ దగ్గర బయటికి చెప్పండి

మీ కోరిక మీ మనసులోనే ఉంటే ఎవరూ సాయం చేయలేరు. సెషన్ మొదలైన కాసేపట్లోనే దానికి సంబంధించిన ఒక చిన్న పని చేయండి. "గుర్రాలు మార్చుకునే చోట ఆ దళం ముద్ర ఎవరైనా చూశారేమో అడుగుతాను" అంటే చాలు. జీఎంకి అది పిలుపు, మిగతావాళ్ళకు గుర్తు.

రహస్యాల గురించి కొంతమంది నాతో ఒప్పుకోరు, అయినా చెప్తాను. పాత్రల మధ్య రహస్యం ఉండనివ్వండి, ప్లేయర్ల మధ్య వద్దు. గ్రంథం దొంగిలించినదని టేబుల్ దగ్గర అందరికీ తెలిస్తే, సైనికుడిగా ఆడే మిత్రుడు కావాలనే "నీకు ఈ పుస్తకం మీ గురువే ఇచ్చారా?" అని అమాయకంగా అడుగుతాడు. ఆమె గొంతులో వెలక్కాయ పడుతుంది. తెలియకపోతే ఆ సన్నివేశమే పుట్టదు.

ఇంకొకటి. మీ వంతు కాగానే పక్కవాళ్ళ కోరిక గురించి అడగండి. "మీ అన్న గురించి ఏమైనా తెలిసిందా?" అని మీ పాత్ర నోట ఒక్క ప్రశ్న వస్తే ఆ ప్లేయర్ మొహం వెలిగిపోవడం చూస్తారు.

ఎనిమిదో అడుగు: మూడు నాలుగు సెషన్లకోసారి తిరగరాయండి

మొదటి రోజు రాసుకున్న కోరిక చివరిదాకా అలాగే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఆటలో జరిగినదాని వల్ల కొన్ని చప్పబడిపోతాయి, కొన్ని అనుకోనివి పుడతాయి. మధ్యలో ఎదురైన ఒక చిన్న పాప మీద దొంగకు మమకారం కలిగి, అప్పు పత్రం సంగతే పట్టనట్టు తయారైతే షీట్ మీద మొండిగా పాత లైన్ ఉంచకండి. కొట్టేసి కొత్తది రాసి జీఎంకి చెప్పండి. ముందు చెప్పిన టిక్కుల కాగితం ఇక్కడ కూడా పనికొస్తుంది: మీ పాత్ర మూడు సెషన్లుగా తాకని కోరిక ఇక దాని కోరిక కాదు.

కోరిక తీరిపోయే రోజు కూడా వస్తుంది. ఆ రోజు తొందరపడి వెంటనే కొత్త లక్ష్యం రాయకండి. సైనికుడు అన్నను కనుక్కున్నాడు, మాట్లాడవలసింది మాట్లాడాడు, అన్న వెళ్ళిపోయాడు. జీఎం అక్కడ కాసేపు ఆగి, ఆ ప్లేయర్‌ని ఒక్క ప్రశ్న అడగాలి: "మర్నాడు తెల్లారింది, నువ్వు లేచావు. వెతకడానికి ఎవరూ లేరు. ముందు ఏం చేస్తావు?" టేబుల్ దగ్గర ఎవరూ సలహా ఇవ్వకుండా ఉండండి, ఎంత సేపైనా సరే. అతను చెప్పే మొదటి వాక్యం పెన్సిల్‌తో షీట్ మీద రాసుకోనివ్వండి.